రిజర్వు బ్యాంకు సంజాయిషీ ఎవరికి?

మునసబు కోర్టు మొదలుకొని సుప్రీంకోర్టు వరకు తీర్పు చెప్పు ప్రతి న్యాయాధిపతికిని ఒక విధి గలదు. ఓడినవాడు తానేల ఓడెనో తెలిసికొనునట్లు కారణములు వ్రాసి, క్రింద సంతకము చేసి, ఆ తీర్పును బహిరంగ న్యాయస్థానమున వెల్లడింపవలెను. "డిక్రీ ఇచ్చితిని, కారణ మడుగవలదు" అను న్యాయాధిపతి ఎంతటి ధర్మాత్ముడైనను అతని తీర్పు అప్పీలులో ఒక్క గడియ నిలువదు. ఇరువది యేండ్లుగా ఈ వృత్తిలో నున్నవాడనుగాన, ఓడిన కక్షిదారులను ఎందరినో చూచితిని. కారణము తెలిసినవాడు ఎంత కష్టమునైనను ఓర్చుకొనును. కారణము చెప్పక నెత్తిన పెట్టిన బరువును మాత్రము ఎవడును ఓర్వజాలడు.

ముంబై నగరమున ఆరుగురు సభ్యులుగల ఒక కమిటీ రెండు నెలలకొకసారి కూడి ఈ దేశమునందలి కోట్లకొలది సంసారముల మీద ఒక తీర్పు చెప్పుచున్నది. అదియే రిజర్వు బ్యాంకువారి ద్రవ్య విధాన కమిటీ. అక్కడ వాదులు లేరు, ప్రతివాదులు లేరు, వకీళ్లు అసలే లేరు. అయినను ఆ తీర్పు పామర్రులోని చిన్న యింటివరకు వచ్చి వసూలు కాబడుచున్నది. వారు తీర్పునకు కారణములు చెప్పుచున్నారా? చెప్పుచున్నచో ఎవరికి, ఏ భాషలో చెప్పుచున్నారు? తాము తప్పిన నాడు సంజాయిషీ ఎవరికి ఇచ్చుచున్నారు? ఈ మూడు ప్రశ్నలును పఠనాలయములలో కూర్చుండి పత్రికలు చదువు మనవంటివారు అడుగవలసినవి. నిపుణులకు వదలి ఊరకుండవలసినవి కావు.

ముందుగా సంగతి యేమో చూతము. బ్యాంకులు తమకు రొక్కము కొరవడినప్పుడు ప్రభుత్వ పత్రములు కుదువబెట్టి రిజర్వు బ్యాంకునుండి స్వల్పకాలమునకు అప్పు తెచ్చుకొనును. ఆ అప్పునకు ఇచ్చు వడ్డీని రెపో రేటందురు. ఇది పెరిగిన దేశమునందలి వడ్డీలన్నియు ముందో వెనుకో పెరుగును. అప్పులు తగ్గును, కొనుగోళ్లు తగ్గును, ధరల వేగము మందగించునని ఆశ. ఇది తగ్గిన ఇందుకు వ్యతిరేకముగ జరుగును. 2019 అక్టోబరు 1 మొదలు, మారుడు వడ్డీపై బ్యాంకులిచ్చు క్రొత్త గృహ ఋణములను రెపోవంటి బయటి కొలబద్దకు ముడివేయవలెనని రిజర్వు బ్యాంకే ఉత్తరువు చేసినది. కాబట్టి ముంబైలో చేతులెత్తిన కొలది దినములకే మన ఊరి కిస్తు మారుచున్నది.

నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుని కథ చెప్పెదను. 2022 సంవత్సరాదిలో ఇల్లు కట్టుకొనుటకు ఒక బ్యాంకులో ఇరువది లక్షల రూపాయలు, ఇరువది యేండ్ల గడువునకు, నూటికి 7 చొప్పున తీసికొనెను. నెలకు కిస్తు 15,506 రూపాయలు. ఒక్క నెల తప్పలేదు. ఏడాది దాటిన పిమ్మట లెక్క కాగితము చేతబట్టుకొని నా కచేరీకి వచ్చి, "ఏమండీ ప్లీడరుగారూ, ఇన్ని నెలలు కట్టినాను, అసలు తరగడానికి బదులు పెరుగుతోంది. ఇదేమి లెక్కండీ?" అని అడిగెను. కాగితము చూచితిని. లెక్క తప్పులేదు. 2022 మే 4న నూటికి 4గా నున్న రెపోను 4.40కి పెంచిరి. పెంచుచు పెంచుచు 2023 ఫిబ్రవరి నాటికి 6.50కి తెచ్చిరి. ఆయన వడ్డీ 7 నుండి 9.50 అయినది. ఆ రేటున ఇరువది లక్షలకు ఒక్క నెల వడ్డీయే 15,833 రూపాయలు. కట్టుచున్న కిస్తు వడ్డీకే చాలకున్నది! మిగిలిన గడువులో అప్పు తీరవలెనన్న కిస్తు పదునెనిమిదివేల ఆరువందలకు పైబడవలెను; అనగా నెలకు మూడువేలు అదనము.

"ఎవరు పెంచినారండీ?" అని ఆయన బ్యాంకులో అడిగెనట. "మేము కాదు, రిజర్వు బ్యాంకువారు" అనిరట. "ఎందుకు పెంచినారు?" అన్న ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పువారు లేకపోయిరి. ఆ గుమాస్తాను నేను నిందింపను. అతనికి చెప్పినవారెవరు? 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకువారు, వడ్డీ మారినప్పుడు కిస్తు ఎంత మారునో, గడువెంత పెరుగునో ఋణస్థునకు ముందుగా తెలుపవలెననియు, కిస్తు పెంచుకొనుటో గడువు పెంచుకొనుటో ఋణస్థుడే ఎంచుకొనవలెననియు బ్యాంకులకు ఆదేశమిచ్చిరి. మంచి పనియే. అయితే పెంపు పూర్తియైన ఆరునెలలకు వచ్చిన మంచి పని!

ఇక ఇల్లు కట్టని కౌలురైతు సంగతి యేమి? అతనికి బ్యాంకు గడప యెక్కుటయే కష్టము. నూటికి నెలకు రెండు రూపాయల చొప్పున ఊరి వ్యాపారివద్ద తెచ్చుకొనువానికి రెపో రేటుతో నిమిత్తము లేదు. కాని ధరతో నిమిత్తము గలదు. ఉప్పు, నూనె, డీజిలు, ఎరువు ఇవన్నియు ధరలు పెరిగిన నాడు అతని మీదనే ముందుగా పడును. 2012ను మూలసంవత్సరముగ గైకొని కట్టిన వినియోగదారుల ధరల సూచికలో ఆహార పానీయముల వంతు నూటికి 46కు సమీపము. కౌలురైతు ఇంటి ఖర్చులో ఆ వంతు అంతకన్న హెచ్చుగాని తగ్గుకాదు. కాబట్టి వడ్డీ పెంచుట ఉపాధ్యాయునకు శిక్ష. పెంచవలసిననాడు పెంచకుండుట కౌలురైతునకు శిక్ష. ఈ రెంటి నడుమ త్రాసు పట్టుకొనినవారు తూకమెట్లు వేసిరో చూపవలదా?

కృష్ణా డెల్టావారికి ఈ విషయము పుస్తకములు చూచి బోధింపనక్కరలేదు. బెజవాడ ఆనకట్టవద్ద తలుపు లెత్తినగాని దివిసీమ శివారు పొలమునకు నీరందదు. నీరు మితిమీరిన నారు మునుగును, చాలకున్న ఎండును. ద్రవ్యమును అట్టిదే. కాలువలు ఏ తేదీన విడుతురో, ఏ తేదీన కట్టుదురో రైతునకు ముందుగా తెలిసినగాని నారుమడి పోసికొనలేడు. శివారునకు నీరు రానిచో రైతులు లాకులవద్దకు పోయి నిలువబడి అడుగుదురు. ఇంజనీరు జవాబు చెప్పక తప్పదు. "అది మాకును ప్రభుత్వమునకును మధ్య ఆంతరంగిక వ్యవహారము" అని ఏ ఇంజనీరైన అన్నచో శివారు రైతు ఊరకుండునా?

నాణెము విషయమున మనకు ఈ చీకటి క్రొత్త కాదు. 1926లో హిల్టన్ యంగ్ కమిషను రూపాయి విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగ నిర్ణయింపవలెనని సిఫారసు చేసినది. దేశీయ పక్షము ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు చాలుననినది. రెండు పెన్నీల తేడాకు ఇంత రభసయేల అని ఆనాడు కొందరు నవ్విరి. లెక్క చూడుడు: విదేశమున ఒక పౌనుకు అమ్ముడుపోయిన సరుకునకు పాత రేటున మన రైతుకు పదునైదు రూపాయలు రాగా, క్రొత్త రేటున పదుమూడు రూపాయల అయిదణాల నాలుగు పైలు మాత్రమే వచ్చును. రెండు పెన్నీల చాటున రూపాయి పదణాలకు పైగా మాయమైనది. ఆ కమిషనులో సర్ పురుషోత్తమదాసు ఠాకూరుదాసు ఏకాకిగ నిలిచి తన భిన్నాభిప్రాయమును వ్రాసి అచ్చువేయించెను. 1927లో శాసనము ఆయన మాటకు వ్యతిరేకముగనే అయినది. అయినను ఆయన వ్రాసినది మిగిలినది. దానిని చదివియే దేశమున చదువుకొన్నవారు ఈ లెక్క నేర్చుకొనిరి. ఓడిన అభిప్రాయమైనను అచ్చులో నున్నచో అది ప్రజలకు విద్య యగును.

ఆ కాలమున లండనులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండునకు 1920 నుండి 1944 వరకు గవర్నరుగ నుండిన మాంటేగు నార్మను, దేనిని వివరింపకుండుటయే తన పదవికి మర్యాదయని తలచువాడని ప్రతీతి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచినప్పుడు మన రూపాయిని పౌనుకు కట్టివైచిరి. మన నడుగలేదు. ధాన్యము ధర పడిపోయి శిస్తు కట్టలేని పల్లెలనుండి ఆడవారి నగలు కరగి ఓడలెక్కి పోయినవి. అందులకు కారణము ఎవరును మన భాషలో చెప్పలేదు.

1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు పుట్టినది. మొదటి గవర్నరు సర్ ఆస్బరన్ స్మిత్తునకును, ప్రభుత్వ ఆర్థిక సభ్యుడు సర్ జేమ్సు గ్రిగ్గునకును వడ్డీ రేటు విషయమునను రూపాయి విలువ విషయమునను పొసగక, స్మిత్తు కాలము తీరకయే 1937లో వెడలిపోయెను. ప్రజలకు తెలిసినది ఆయన పోవుటయే. ఏల పోయెనో తెలియుటకు ఏండ్లు పట్టినది. పిదప యుద్ధకాలమున ఇంగ్లండు మనవద్ద కొన్న సరుకునకు లండనులో పౌను పద్దు వ్రాసికొని, ఆ పద్దు ఆధారముగ ఇక్కడ నోట్లు అచ్చువేయించినది. 1939 నుండి 1945 వరకు నోట్ల చెలామణి ఆరు రెట్లయినది. ఆ ధరల మంటలోనే 1943లో వంగదేశము క్షామమునకు ఆహుతి యయ్యెను. 1949 జనవరి 1న బ్యాంకు జాతీయమైనది. యజమాని మారెను. అలవాటు మారెనా?

1957 జనవరిలో గవర్నరు బెనెగల్ రామారావు ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారితో విభేదించి రాజీనామా ఇచ్చెను. 2018 డిసెంబరు 10న ఉర్జిత్ పటేలు స్వంత కారణములని చెప్పి దిగిపోయెను. అప్పటికి ఆరువారములకు ముందే డిప్యూటీ గవర్నరు విరళ్ ఆచార్య కేంద్ర బ్యాంకు స్వాతంత్ర్యమును కాపాడవలెనని బహిరంగముగ ప్రసంగించి యుండెను. 2008 నుండి 2013 వరకు గవర్నరుగ నుండిన మన ఏలూరువాడు దువ్వూరి సుబ్బారావుగారు 2024లో ప్రకటించిన తమ స్మృతులలో, ధరల అంచనాను కొంచెము తక్కువగను అభివృద్ధి అంచనాను కొంచెము ఎక్కువగను చూపవలెనని ఆర్థిక శాఖనుండి తమపై ఒత్తిడి వచ్చెడిదని వ్రాసిరి. పదవి విడిచిన పదునొకండేండ్లకు మనకు తెలిసిన సంగతి ఇది!

ఇందుండి నేర్వవలసినది ఒకటి గలదు. గుట్టు బ్యాంకుకు కవచమని పెద్దలందురు. చరిత్ర చూచినచో గుట్టు కాపాడినది ఒత్తిడి చేసినవారినే. ఒత్తిడికి లోనైన బ్యాంకును కాదు. నిర్ణయమునకు గల కారణములన్నియు వెంటనే అచ్చులో వచ్చునని తెలిసినచో, చీకటిలో ఫోను చేయుటకు ఎవడైనను జంకును. స్వాతంత్ర్యమును వెలుతురును ఒకదానికొకటి శత్రువులు కావు, తోడబుట్టినవి.

"వడ్డించువాడు మనవాడైన కడబంతిని కూర్చున్నను లోటులేదు" అను సామెత మనలో నున్నది. వరుసగ పదేండ్లు రిజర్వు బ్యాంకు గవర్నరులు తెలుగువారే: 2003 నుండి కడప జిల్లావాడు యాగా వేణుగోపాలరెడ్డిగారు, పిదప సుబ్బారావుగారు. వారి పాలనలో మనకు గర్వింపదగినది తెలుగుదనము కాదు; తలుపు కొంచెము తెరచుట. రెడ్డిగారి కాలమున 2005లో ద్రవ్యవిధానమునకు బయటి నిపుణులతో సలహా సంఘ మేర్పడినది. సుబ్బారావుగారి కాలమున 2011 నుండి ఆ సంఘపు చర్చల సారము ప్రకటింపబడినది. గవర్నరు సలహాదారుల మాటను త్రోసి వేరొకటి చేసినచో అదియు లోకమునకు తెలియజొచ్చినది. వడ్డించువాడు ఎవడైనను సరే, వంటకములెన్నో, పంక్తిలో ఎవరికెంతో చెప్పిననే న్యాయము.

2016లో రిజర్వు బ్యాంకు శాసనమును సవరించి తలుపును మరికొంత తెరచిరి. ఇది నిజముగ గొప్ప మార్పు, ఒప్పుకొనకుండుట అన్యాయము. ధరల పెరుగుదల నూటికి 4 ఉండవలెను. రెండు హెచ్చైనను తగ్గైనను సహింపవచ్చును. వడ్డీని గవర్నరొక్కడు గాక ఆరుగురు నిర్ణయింతురు: ముగ్గురు బ్యాంకువారు, ముగ్గురు కేంద్ర ప్రభుత్వము నియమించిన బయటివారు. తలకొక వోటు; సమమైనచో గవర్నరునకు రెండవ వోటు. ఎవరెటు వోటు వేసిరో, ఏ కారణమున వేసిరో ప్రతి సభ్యుడును వ్రాసి యియ్యవలెను. సమావేశమైన పదునాలుగవ దినమున అది ప్రకటింపబడవలెను. 2024 జూన్, ఆగస్టు సమావేశములలో ఆషిమా గోయల్, జయంత్ వర్మ అను ఇద్దరు బయటి సభ్యులు వడ్డీ తగ్గింపవలెనని వోటు వేసి, కారణములు వ్రాసి, నలుగురి యెదుట ఓడిపోయిరి. ఠాకూరుదాసు 1926లో ఒంటరిగ చేసినపని ఇప్పుడు శాసనమే చేయించుచున్నది.

అయితే తలుపు తెరచిన నెలదినములకే ఏమి జరిగెనో మరువరాదు. క్రొత్త కమిటీ మొదటిసారి కూడినది 2016 అక్టోబరు 3, 4 తేదీలలో. నవంబరు 8 రాత్రి అయిదువందలు, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రధానమంత్రి ప్రకటించెను. చెలామణిలోని విలువలో నూటికి 86 వంతులు ఆ నోట్లే. ఆ సాయంకాలమే రిజర్వు బ్యాంకు కేంద్ర బోర్డు కూడి సరేయన్నది. మన డెల్టాలో అది సార్వా కోతల కాలము. కూలికి చిల్లర లేక రైతు, కూడు లేక కూలి బ్యాంకుల ముందు వరుసలలో నిలువబడిరి. బోర్డులో నేమి మాటలాడిరో అడిగినవారికి వెంటనే చెప్పలేదు. 2019లో సమాచార హక్కు శాసనము క్రింద అది బయటపడినది: నల్లధనము అధికభాగము రొక్కముగ లేదు, భూమి బంగారములుగ నున్నదనియు, ఆ సంవత్సరపు ఉత్పత్తికి కొంత దెబ్బ తగులుననియు డైరెక్టర్లే అనుకొనిరి. 2018లో బ్యాంకు తన వార్షిక నివేదికలో, రద్దయిన నోట్లలో నూటికి 99.3 వంతులు తిరిగి వచ్చెనని ఒప్పుకొన్నది. ఈ సందేహములు ఆ రాత్రియే దేశమునకు తెలిసియుండినచో చర్చ వేరుగ నడచియుండెడిది.

ఇప్పుడు అసలు అభియోగమునకు వత్తును. 2016 నాటి శాసనములో ఒక ముఖ్యమైన సెక్షను గలదు. ధరల పెరుగుదల సగటున వరుసగ మూడు త్రైమాసికములు 6ను మించినచో, లేక 2కు తగ్గినచో, బ్యాంకు తన విధిలో విఫలమైనట్లే. అప్పుడు మూడు సంగతులు వ్రాసి కేంద్ర ప్రభుత్వమునకు నివేదిక పంపవలెను: ఏల తప్పితిమి? ఏమి చేయుదుము? ఎన్నాళ్లకు సరిదిద్దుదుము? ఏ కచేరీలోనైనను దీనినే సంజాయిషీ యందురు.

2020లో ఏప్రిలు నుండి డిసెంబరు వరకు మూడు త్రైమాసికములు హద్దు దాటినవి. కాని ఆ ఏప్రిలు, మే నెలలలో లాక్‌డౌను వలన ధరల సేకరణ సరిగ జరుగలేదని ఆ లెక్కను విడిచిపెట్టిరి. ఆ వాదనలో కొంత న్యాయమున్నదనుకొందము. 2022లో ఆ సాకు లేదు. ఉక్రెయిను యుద్ధము వచ్చినది. నూనె, గోధుమ ధరలు మండినవి. జనవరి-మార్చిలో సగటు 6.3, ఏప్రిలు-జూనులో 7.3, జూలై-సెప్టెంబరులో 7. మూడును హద్దు దాటినవే. శాసనము వచ్చిన పిదప మొదటిసారి రిజర్వు బ్యాంకు సంజాయిషీ చెప్పవలసి వచ్చెను. 2022 నవంబరు 3న కమిటీ ప్రత్యేకముగ కూడి నివేదిక సిద్ధపరచినది. నివేదిక ఢిల్లీకి పోయినది. అంతే!

చిరునామాదారునకు అందకముందు దానిని పత్రికలకిచ్చు అధికారము తనకు లేదని గవర్నరు శక్తికాంత దాసుగారు చెప్పిరి. ఆ మాట సబబే. అందిన పిదపనైన? పార్లమెంటులో అడుగగా, నివేదికను ప్రకటింపవలెనని శాసనములో లేదని ప్రభుత్వము జవాబిచ్చెను. బ్యాంకు ప్రభుత్వమును చూపినది. ప్రభుత్వము శాసనమును చూపినది. శాసనము మౌనము వహించినది. ప్రజలకు మిగిలినది మూసిన కవరు. నా కక్షిదారుడైన ఆ ఉపాధ్యాయుడు నెలకు మూడువేలు అదనముగ మోయవలసివచ్చినది ఏ తప్పును దిద్దుటకో, ఆ తప్పునకు కారణము వ్రాసిన కాగితము మాత్రము ఆయన చూడరాదు!

శాసనములో లేదనుట న్యాయవాదిగ నాకు మింగుడుపడదు. ప్రకటింపవలెనని లేదు నిజమే, ప్రకటింపరాదనియు లేదు. పైగా 2005 నాటి సమాచార హక్కు శాసనము నాలుగవ సెక్షను, ప్రజలను బాధించు ముఖ్యనిర్ణయములు ప్రకటించునప్పుడు తత్సంబంధమైన వాస్తవములన్నియు అడుగకయే ప్రచురింపవలెనని ప్రతి ప్రభుత్వ సంస్థకును విధించుచున్నది. 2015 డిసెంబరులో జయంతిలాల్ మిస్త్రీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకు తాను తనిఖీ చేయు బ్యాంకుల గుట్టు కాపాడుటకు గాక ప్రజాహితమునకే బద్ధమని తేల్చినది. ఈ ధర్మము తనిఖీ నివేదికలకు వర్తించి స్వంత సంజాయిషీకి వర్తింపదా?

ఎదుటి పక్షపు వాదమును వినకుండ తీర్పు చెప్పుట నా వృత్తికి తగదు. అన్నియు బయట పెట్టినచో వర్తకులు ముందుగ పసిగట్టి లాభపడుదురని కొందరందురు. నిర్ణయమునకు ముందు ఇది సత్యమే. రేపు వడ్డీ పెంతుమని నేడు ఒకరి చెవిలో చెప్పుట దొంగతనముతో సమానము. రూపాయిని నిలుపుటకు ఏ గంటకు ఎన్ని డాలర్లు అమ్ముదురో చాటింపు వేయుమని ఎవరును కోరరు. తీర్పు చెప్పక పూర్వము న్యాయాధిపతియు మౌనముగనే యుండును. మేము కోరునది తీర్పు తరువాతి కారణము. తప్పు తరువాతి సంజాయిషీ. ముందటి మౌనమును చూపి తరువాతి మౌనమును సమర్థించుట కుదురదు.

తప్పొప్పుకొన్నచో బ్యాంకునందు విశ్వాసము సడలునని మరికొందరు. నార్మను ఏలిన ఇంగ్లండును చూడుడు. అక్కడ గురి నూటికి 2. ధరలు దానినుండి ఒక్క వంతుకు మించి తొలగిననాడు గవర్నరు ఆర్థికమంత్రికి బహిరంగ లేఖ వ్రాయవలెను. అది లోకమంతయు చదువును. అట్టి మొదటి లేఖ 2007 ఏప్రిలులో వెలువడినది. పిమ్మట ఎన్నో వచ్చినవి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు కూలిపోలేదు. అమెరికా ఫెడరల్ రిజర్వు 1994కు పూర్వము తన నిర్ణయమును ఆ దినమున ప్రకటించుట సైతము ఎరుగదు. నేడు సమావేశముల పూర్తి సంభాషణను అయిదేండ్లకు బయట పెట్టుచున్నది. మనలను నూరేండ్లు చీకటిలో నుంచినవారే వెలుతురులోనికి రాగా, స్వతంత్రులమైన మనము వారి పాత చీకటిని వారసత్వముగ కాపాడుకొనుట ఏమి గౌరవము?

ఇది అర్థశాస్త్రజ్ఞుల సంగతి, సామాన్యునకు బోధపడదనువారికి బందరే సమాధానము. 1923లో డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు ఆ ఊరిలో ఆంధ్రా బ్యాంకును స్థాపించినప్పుడు వైద్యవృత్తిలోనుండి వచ్చినవారే. వడ్డీ, ధర, మారకము ఇవి మనకు తెలియని విద్యలని పరాయివాడన్నప్పుడు, తెలిసికొందుమని మన పెద్దలు పూనుకొనిరి. ఆనాడు డైరెక్టరును వీధిలో నిలువదీసి అడుగవచ్చును. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. నిర్ణయము చేయువాడు ఎంత దూరమున నున్నచో, అతడు చెప్పవలసిన కారణము అంత వివరముగ నుండవలెను.

కాబట్టి మేము కోరునవి మూడు. మొదటిది: రిజర్వు బ్యాంకు శాసనమును సవరించి, వైఫల్య నివేదికను ప్రభుత్వమునకు పంపిన నెలలోపల పార్లమెంటు ఉభయసభల ముందుంచి ప్రకటింపవలెనని వ్రాయవలెను; 2022 నాటి నివేదికను అంతవరకు ఆగక ఇప్పుడే బయట పెట్టవలెను. రెండవది: ప్రతి సమావేశపు సారమును, సభ్యుల కారణములను అదే దినమున తెలుగులోను ఇతర దేశభాషలలోను ఇయ్యవలెను. ఇది భిక్ష కాదు. ఆ నాలుగవ సెక్షనే స్థానిక భాషను గమనింపుమని చెప్పుచున్నది. నోటు మీద తెలుగు అక్షరము లున్నవి. ఆ నోటు విలువ ఏల తరిగెనో చెప్పు కాగితము మీదను ఉండవలెను. మూడవది: వడ్డీ మారిన ప్రతిసారి బ్యాంకు ఋణస్థునకు పంపు నోటీసులో అంకెలతోబాటు కారణమును నాలుగు పంక్తులలో, తెలుగులో వ్రాయవలెను.

మన కర్తవ్యమును గలదు. రిజర్వు బ్యాంకు ఇప్పటికే ప్రకటించుచున్న సభ్యుల వ్రాతలను మనలో ఎందరము చదివితిమి? వడ్డీ పెరిగిననాడు గొణుగుదుము, తగ్గిననాడు మరతుము. అడుగని యజమానికి గుమాస్తా లెక్క చెప్పడు. పామర్రు, గుడివాడ, బందరు, అవనిగడ్డ పఠనాలయములలో ఇంగ్లీషు చదివినవా రొక్కరైనను ఉందురు. రెండు నెలలకొక సాయంకాలము ఆ వ్రాతలను చదివి తెలుగున చెప్పినచో ఉపాధ్యాయుడును, కౌలురైతును, కొట్టువాడును వినకపోరు. విన్నవారు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నలను మన పార్లమెంటు సభ్యునకు వ్రాయుదము. ఆయన సభలో అడుగవలెను.

ఆ ఉపాధ్యాయుడు ఇప్పటికిని కిస్తు తప్పక కట్టుచున్నాడు. 2025 ఫిబ్రవరి మొదలు వడ్డీ తగ్గింప నారంభించిరని తెలిసి కొంత ఊరట పొందెను. మొన్న కనబడి, "తగ్గించిన కారణమైనా చెప్పినారాండీ?" అని అడిగెను. చెప్పిరి, ఇంగ్లీషులో చెప్పిరి, నేను చదివి వినిపించితిని. శ్రద్ధగ విని, "మరి అప్పుడు తప్పినదెందుకో?" అనెను. దానికి మాత్రము నావద్ద జవాబు లేకపోయెను. అది ఢిల్లీలో కవరులో నున్నది. ఆ కవరు అతనికి వ్రాయవలసినది. అతని సొమ్ముతో వ్రాసినది. విప్పి అతని చేతి కిచ్చువరకు అడుగుచునే యుందము.